పన్నెండు పాచికల సిస్టరమ్మ

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆమదాలవలస స్టేషను రోడ్డులోని నా డి.టి.పి. షాపుకి ఒకాయన వచ్చి జ్ఞాపకార్థ కూడిక కార్డు వెయ్యాలన్నాడు. మా వైపు క్రైస్తవుల ఇళ్లల్లో ఎవరైనా పోతే ఇలాంటి కార్డు వేయించి బంధువులకి పంచుతారు. నెలకి రెండు మూడు చేస్తూనే ఉంటాను. ఆయన తన ఫోనులోంచి ఫొటో పంపించాడు. కంప్యూటరులో తెరిచి చూసేసరికి సిస్టరమ్మ.

ఆయన ఆవిడ మేనల్లుడట. రాసి తెచ్చిన కాగితం మీద ఆరు లైన్లున్నాయి. పుట్టిన ఊరు, చదివిన నర్సింగు స్కూలు, పని చేసిన మిషన్ ఆసుపత్రి, రిటైరైన సంవత్సరం, ప్రభువునందు నిద్రించిన రోజు, కూడిక జరిగే చోటు. మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మరి లేవలేదని చెప్పాడు. ఇంకేమైనా రాయాలా అని అడిగాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. పెళ్లి లేదు, పిల్లల్లేరు, ఆసుపత్రీ చర్చీ తప్ప మా అత్తకి వేరే లోకం లేదండి అన్నాడు. నేను ఆయన చెప్పినట్టే కంపోజు చేసి ఇచ్చాను.

ఆట సంగతి ఆయనకి తెలియదు. నాకు తెలుసు కనక రాస్తున్నాను.

ఆరేళ్ల కిందట ఆవిడ మొదటిసారి షాపుకి వచ్చినప్పుడు రిటైరైన టీచరేమో అనుకున్నాను. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన నేతచీరలో ఉన్నారు. వాచీ ముఖం మణికట్టు లోపలివైపుకి పెట్టుకునేవారు. స్టూలు చూపిస్తే, కూర్చునే ముందు చేతిరుమాలు తీసి దాన్ని తుడిచారు. తర్వాత నా బల్ల అంచు కూడా తుడిచారు. నాకు కొంచెం పౌరుషం వచ్చింది. ఆవిడ ప్రతి గురువారం వస్తారని తెలిశాక, ఆ రోజు పొద్దున్నే నేనే స్టూలూ బల్లా శుభ్రంగా తుడిచి ఉంచడం మొదలుపెట్టాను. ఆవిడ వచ్చి చూసేవారు. బాగుందన్నట్టు తల ఊపేవారు. మళ్లీ తుడిచేవారు.

మొదటి రోజు ఆవిడ ఇచ్చిన అరఠావు కాగితం మీద "ఒక్కరు ఆడు ఆట" అని పేరు రాసి, కింద ఎనిమిది రూల్సు వరసగా రాసి ఉన్నాయి. అప్పటిదాకా నేను పెళ్లికార్డులు, కరపత్రాలు, దరఖాస్తులు చేశాను గాని ఆటకి రూల్సు ఎప్పుడూ కంపోజు చెయ్యలేదు. మర్యాదగా ఉంటుందని ప్రతి రూలుకీ ముందు "దయచేసి" అని నా సొంతంగా చేర్చాను. ప్రూఫు చేతికిస్తే ఆవిడ వేలు పెట్టి పైకి చదివారు. ఎనిమిది చోట్లా ఎర్ర పెన్నుతో ఆ మాట కొట్టేశారు.

"మందుసీటీ మీద దయచేసి అనుంటాదా బాబూ? రోజుకి మూడుసార్లు అనుంటాది. అంతే."

ఒక్కో రూలు ఒక్కో లైనులో పట్టాలి. రెండో లైనుకి జారిందంటే ఆ రూలు తనకే సరిగ్గా అర్థం కాలేదని ఆవిడ లెక్క. ఇంటికి తీసుకెళ్లి, వారం రోజులు ఆడి, మాటలు తగ్గించి, మళ్లీ గురువారం తెచ్చేవారు. మూడో వారానికి నేనుండబట్టలేక అసలు ఆట చూపించమని అడిగాను.

అడగడమే ఆలస్యం. సంచిలోంచి స్టీలు డబ్బా తీశారు. అందులో గుడ్డలో చుట్టిన పన్నెండు టేకు పాచికలు. లూడోలో వేసే చుక్కల పాచికలాంటివే, కాని పెద్దవి, పెద్ద ఉసిరికాయంత. అరసవల్లి దగ్గర తలుపులు చేసే వడ్రంగి ఒకాయన గుమ్మాల ముక్కలు కోసి ఇచ్చాడట. అంచులు ఉప్పుకాగితంతో ఆవిడే రుద్దారు. ఊలు అల్లే సూదిని ఎర్రగా కాల్చి చుక్కలూ ఆవిడే పెట్టారు. ఆరు చుక్కలు కాల్చిన వైపు చెక్క కొంచెం తేలికవుతుందని, అందుకు బదులుగా ఎదురువైపున్న ఒంటి చుక్కని లోతుగా కాల్చారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ కళ్లల్లో ఒక మెరుపు కనబడింది. ఆసుపత్రిలో పసివాళ్లకి సూది వెయ్యడానికి నరం దొరకబుచ్చుకున్న రోజుల్లోనూ ఇలాగే మెరిసి ఉంటాయి.

ఆట ఇదీ. పన్నెండు పాచికలూ గ్లాసులో వేసి, కుదిపి, బల్ల మీద వంచాలి. వాటిలో ఒకటి ఎంచుకుని, దాని మీద పడిన అంకె అలాగే పైకి ఉండేటట్టు ముందు పెట్టుకోవాలి. అది పునాది. మిగతావి మళ్లీ గ్లాసులో వేసి వంచాలి. వాటిలోంచి ఇంకొకటి ఎంచి దాని మీద నిలబెట్టాలి. పైదాని అంకె కిందిదానికి సమానంగానైనా ఉండాలి, ఎక్కువైనా ఉండాలి. తక్కువ పనికిరాదు. ఇలా ఒకదాని మీద ఒకటి పన్నెండూ నిలబడితే గెలిచినట్టు. పనికొచ్చే అంకె పడకపోతే మూడుసార్లదాకా మళ్లీ వేసుకోవచ్చు. దానికి ఆవిడ పెట్టిన పేరు మాఫీ. కట్టింది కూలిపోతే మాత్రం మాఫీ లేదు. "పడిపోయింది" అని పైకి అనాలి. అది ఎనిమిదో రూలు.

ఇద్దరు ఆడొచ్చా అని అడిగితే ఆడకూడదన్నారు. నలభై ఏళ్లు ఆవిడ నర్సుల క్వార్టర్సులో ఉన్నారు. గదికి ఇద్దరు. కాని ఇద్దరి డ్యూటీలూ ఎప్పుడూ ఎదురెదురే. ఒకరు మెలకువగా ఉన్నప్పుడు ఒకరు నిద్ర. చప్పుడు కాకుండా, పక్కమనిషి సాయం లేకుండా చెయ్యగలిగిన పనేదో ఒకటి కావాలి. ఊలు అల్లారు. పేకముక్కలతో ఒక్కరే ఆడే ఆట ఒకటి నేర్చుకున్నారు గాని అది నచ్చలేదు.

"అది ముక్కలు కలిపినప్పుడే అయిపోతాది బాబూ. మనం వట్టినే తిరగేస్తాం. నాకు అలాటిది వద్దు. కొంత దేవుడిది ఉండాల, కొంత బుర్రది ఉండాల, కొంత సేతిది ఉండాల."

చూసేవాళ్లెవరూ లేనప్పుడు పడిపోయిందని పైకి ఎందుకనాలో నాకు అర్థం కాలేదు. అసలు ఒక్కడే ఆడేవాడు, కూలిన రెండు పాచికల్నీ మెల్లిగా మళ్లీ పెట్టేసుకుంటే ఎవరడుగుతారు? ఆ మాటే అన్నాను. ఆవిడ ప్రూఫు మీంచి తలెత్తకుండానే జవాబు చెప్పారు.

"ఒక్కదాన్నే ఉండీ అబద్ధమాడితే ఇంట్లో ఇద్దరవుతారు. నా ఇంట్లో ఇద్దరికి సోటు లేదు."

ఆవిడ చర్చిలో పెద్ద ఒకాయనకి ఈ పాచికల వ్యవహారం నచ్చలేదు. జూదం వస్తువులు మిషన్ నర్సు ఇంట్లో ఉండడమేమిటని ఎవరితోనో అన్నాడట. ఈవిడ ఆయన్ని ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, ఆట ముందుపెట్టి, ఇందులో ఎవరి సొమ్ము ఎవరు తింటారో చూపించమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. కాని మరి ఆ ఊసు ఎత్తలేదు. ఆవిడకి అంతే చాలు.

మా ఆవిడ రోజూ ఒంటిగంటకి షాపుకి క్యారేజీ తెచ్చేది. ఒక గురువారం ఆ వేళకి సిస్టరమ్మ ఇంకా ఉన్నారు. బల్ల మీద ఆట పరిచి ఉంది. మా ఆవిడ పుట్టిల్లు టెక్కలి దగ్గర పల్లెటూరు. మొహమాటమనే పంట అక్కడ పండదు. ఏమిటిదని అడిగింది. సిస్టరమ్మ ఉత్సాహంగా రూల్సు చదివి వినిపించారు. అప్పటికే ఆ ఆట మీద ఆవిడ మూడేళ్లుగా పని చేస్తున్నారు. మెట్లు ఎక్కినట్టు రెండు ఒకట్లు, రెండు రెళ్లు, రెండు మూళ్లు, అలా ఆరు దాకా కట్టడం ఆవిడ పద్ధతి. అది చూడడానికి అందంగా ఉంటుంది. ఏ పది పదిహేనుసార్లకో ఒకసారి పన్నెండూ నిలబడతాయి. నేనైతే ఏడెనిమిది ఎన్నడూ దాటలేదు.

మా ఆవిడ క్యారేజీ పక్కన పెట్టి, చెంగు దోపుకుని కూర్చుంది. మొదటి ఆటలోనే పన్నెండూ నిలబెట్టింది. మళ్లీ ఆడింది. మళ్లీ పన్నెండు. మూడోసారి ఇంకా తొందరగా అయిపోయింది. మాఫీ మొత్తం మీద ఒక్కసారే వాడింది. సిస్టరమ్మ నాలుగోసారి ఆడమని, కుర్చీ దగ్గరకి లాక్కుని చూశారు. అదీ నిలబడింది. ఎలా ఆడుతున్నావమ్మా అని అడిగారు.

"ఇందల ఆలోసించడానికి ఏటుంది సిస్టరమ్మా? అన్నిట్లోకి సిన్నది తియ్యడం, ఎట్టడం. కిందంతా సిన్నవే ఉంటే సివరికి ఏది పడినా సెల్లుతాది. బియ్యంలో రాళ్లేరినట్టే."

సిస్టరమ్మ మా ఆవిడ కట్టిన గోపురాన్ని కాసేపు చూశారు. పైనుంచి ఒక్కొక్కటే తీసి గుడ్డలో సర్దుకున్నారు. "నువ్వు సెప్పింది నిజవేనమ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు. డబ్బా సంచిలో పెట్టుకుని, ప్రూఫు తీసుకోకుండానే వెళ్లిపోయారు.

తర్వాతి గురువారం రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. మా ఆవిడ రోజూ అడిగేది, సిస్టరమ్మ వచ్చారా అని. రాలేదంటే మొహం చిన్నబుచ్చుకునేది. పెద్దావిడ ముచ్చటపడి చేసుకున్నదాన్ని నోటి దురుసుతో చెడగొట్టానని దిగులు. చివరికి దాని పోరు పడలేక నేను ఆవిడ ఇంటికి వెళ్లాను. తాళం వేసి ఉంది. శ్రీముఖలింగం అవతల తమ్ముడి ఊరికి వెళ్లారని పక్కింటివాళ్లు చెప్పారు. రెండు నెలలు గడిచాయి. ఇక రారనే అనుకున్నాను.

జూన్ నెలాఖర్లో ఒక గురువారం వాన కొడుతుంటే వచ్చారు. కరెంటు లేదు. తడిసిన గొడుగు బయట పెట్టి, స్టూలు తుడిచి, మా ఆవిణ్ని పిలిపించమన్నారు. అది వచ్చాక ఇద్దరికీ కలిపి చెప్పారు.

తమ్ముడి ఊళ్లో చర్చి విందు జరిగింది. అక్కడ అందరూ ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుంటారు. ఈవిడ గరిటె పట్టుకుని వడ్డిస్తున్నారు. చిన్న గిన్నె తెచ్చినవాళ్లకి కాస్తే పడుతోంది. వాళ్లు చులాగ్గా పట్టుకుపోతున్నారు. పెద్ద గిన్నె తెచ్చినవాళ్లకి బోలెడు పడుతోంది. వాళ్లు మొయ్యలేక ఆపసోపాలు పడుతున్నారు. అది చూస్తూ చూస్తూ ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారట. వెనకవాళ్లు కేకలేశారట.

"ఏ అంకె ఎడతావో అన్ని డైసులే మల్లీ ఎయ్యాల. ఒకటి ఎట్టావా, ఒకటే ఎయ్యాల, ఏది పడితే అది నెత్తినెట్టుకోవాల. ఐదు ఎట్టావా, అయిదేసుకుని ఏరుకో, గాని అయిదుకి తక్కువ పనికిరాదు. సిన్న గిన్నెకి సిన్న గిన్నెడే. ఇప్పుడు ఆడు సూద్దాం."

మా ఆవిడ ఆడింది. అలవాటుగా ఒకటి పెట్టింది. ఇప్పుడు ఒక్క పాచికే వెయ్యాలి. వేస్తే ఐదు పడింది. అది పెట్టక తప్పదు. రెండో అంతస్తుకే ఐదు. అక్కడినుంచి ఎంత ఈడ్చినా ఏడు దాటలేదు. మళ్లీ ఆడింది. ఈసారి మొదటి పాచిక ఎంచడానికే చాలాసేపు తీసుకుంది. రెండుమీద చెయ్యి పెట్టింది, తీసింది, మూడుమీద పెట్టింది. సిస్టరమ్మ దాని చేతికేసి కాదు, మొహంలోకి చూస్తున్నారు. దాని నుదురు ముడిపడడం చూసి, వెనక్కి వాలి, ఆ రెండు నెలల్లో మొదటిసారేమో, హాయిగా నవ్వారు.

ఆ వానాకాలంలోనే మా ఆవిడకి నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. శ్రీకాకుళంలో చూపిస్తే ఈసారి ఐదో నెల నుంచి మంచం దిగడానికి వీల్లేదన్నారు. అది ఒక్క క్షణం ఊరికే కూర్చునే మనిషి కాదు. మంచం మీద పడుకుని గోడ మీద బల్లుల్ని లెక్కపెట్టేది. మా అమ్మతో తగువేసుకునేది. నేను షాపునుంచి వచ్చేసరికి ఏడుపు మొహంతో గోడవైపు తిరిగి ఉండేది. ఓదార్చబోతే ఇంకా చిరాకు.

సిస్టరమ్మకి సంగతి తెలిసి మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. మర్నాడూ వచ్చారు. ఆపై నాలుగు నెలలు ఆదివారాలు తప్ప రోజూ వచ్చారు. వచ్చి చేతులు కడుక్కుని, దాని కాళ్ల వాపు చూసి, వీపు వెనక తలగడలు సర్ది, ఒళ్లో రొట్టెలపీట పెట్టి ఆట దాని చేతికిచ్చేవారు. తను మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఊలు అల్లుకునేవారు. సలహా చెప్పేవారు కాదు. నన్నూ చెప్పనిచ్చేవారు కాదు. ఒకసారి నేను వెనకనుంచి, ఆ నాలుగు తియ్యవే అన్నాను. ఒక్కరి ఆటలో ఇంకొకరి నోరు ఉండకూడదని నన్ను గదిలోంచి పంపించేశారు. మొదట్లో "అమ్మా" అని పిలిచిన మనిషి పది రోజుల్లో "ఒసే"లోకి దిగారు. మా ఆవిడకి అది ఎంత బలమిచ్చిందో చెప్పలేను.

అది ఒక నోటుపుస్తకంలో ప్రతి ఆటా ఎంత ఎత్తు వెళ్లిందో రాసేది. తొమ్మిది, ఆరు, పది, ఏడు. పదకొండు రెండుసార్లు వచ్చింది. పన్నెండు రావడం లేదు. అయినా దానికి విసుగు లేదు. నెల తిరిగేసరికి ఆ ఆట గురించి అదే సిస్టరమ్మకి పాఠాలు చెప్పే స్థితికి వచ్చింది. ఒక రోజు ఇద్దరికీ మాఫీ దగ్గర పెద్ద వాదన నడిచింది. మూడు మాఫీలు ఉండాలని సిస్టరమ్మ. ఒక్కటీ ఉండకూడదని ఇది. మాఫీ ఉందంటే చెయ్యి బద్దకిస్తుందని దీని వాదన. నేను టీ పట్టుకుని గుమ్మంలో నిలబడి విన్నాను. చాలాసేపటికి సిస్టరమ్మ అల్లిక ఒళ్లో పెట్టుకున్నారు.

"ఒసే, నలభై యేళ్లు ఆపరేషన్ థియేటర్లో పన్సేసాను. ఒక్క మాఫీ లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆటలోనైనా ఒకటుండనీ."

మా ఆవిడ నోటుపుస్తకం తీసి, ఆఖరి పేజీలో, మాఫీ ఒకటి అని రాసింది.

ఏడో నెలలో ఒక రోజు దానికి నొప్పి వచ్చింది. ఆటో పిలిచేలోగా తగ్గింది. ఆ వేళకి సిస్టరమ్మ ఇంట్లోనే ఉన్నారు. పొట్ట మీద చెయ్యి వేసి, వాచీ చూస్తూ అరగంట అలాగే కూర్చుని, ఇప్పటికి భయం లేదు, సాయంత్రం డాక్టరుకి చూపిద్దామన్నారు. మా అమ్మ దేవుడి గదిలోకి వెళ్లిపోయింది. మా ఆవిడ ఆట అడిగింది. పీట ఒళ్లో పెట్టుకుని మూడు పాచికలు పెట్టింది. నాలుగోది చేతిలో ఉంది. పీటకేసే చూస్తూ, "సిస్టరమ్మా, ఈసారైనా నిలుస్తాదా?" అని అడిగింది.

ఆవిడ నిలుస్తుందనే అంటారని ఎదురుచూశాను. అనాలని మనసులో బతిమాలుకున్నాను కూడా. ఆవిడ అనలేదు.

"నాకు తెలీదే. తెలిసినట్టు సెప్పడం నాకు సేతకాదు. ఉంటాను. అది సెప్పగలను. నీ సేతిలో ఏటున్నాది?"

"నాలుగు."

"అయితే ముందు అది ఎట్టు."

అది పెట్టింది. ఆ సాయంత్రం డాక్టరమ్మ కూడా భయం లేదంది. సిస్టరమ్మ మాతోబాటు శ్రీకాకుళం వచ్చి, చూపించడం అయ్యేదాకా ఉండి, మమ్మల్ని ఇంట్లో దింపాకే వాళ్లింటికి వెళ్లారు. నాకు ఆవిడ మీద కోపం రెండు రోజులుంది. ఒక్క మంచి మాట అంటే ఏం పోయిందని. మూడో రోజు మా ఆవిడే చెప్పింది. అందరూ ఏం కాదు ఏం కాదు అంటుంటే తనకి ఇంకా భయం వేసేదట. ఆ రోజు ఆవిడ తెలీదు అన్నాకే నిద్ర పట్టిందట.

మాకు కూతురు పుట్టింది. రెండు వారాలు ముందే పుట్టినా గట్టిపిల్ల. సిస్టరమ్మ వచ్చి, దాన్ని తల నుంచి కాలివేళ్లదాకా డ్యూటీలో చూసినట్టు చూసి, గోళ్లు కత్తిరించి, పక్కలో పడుకోబెట్టారు. అప్పుడు మా ఆవిడ నోటుపుస్తకం తీసి చూపించింది. కాన్పుకి వెళ్లే ముందు రోజు ఆట పక్కన పన్నెండు అని రాసి ఉంది. దాని కింద మాఫీ వాడలేదని కూడా రాసుకుంది. ఎవరూ చూడలేదు మరి, నమ్ముతారా అని అడిగింది. సిస్టరమ్మ ఆ పేజీ మీద ఎర్ర పెన్నుతో తన సంతకం పెట్టారు.

ఆట పూర్తయింది కదా, ఇక ఎవరైనా కంపెనీవాళ్లకి చూపించమని నేను పోరేవాణ్ని. ఆవిడ చెవిన వేసుకోలేదు. ఆవిడ ఆలోచన వేరేవైపు నడుస్తోంది. ఆవిడతో పని చేసిన నర్సు ఒకావిడ ఉద్దానంలో డయాలసిస్ కేంద్రంలో ఉన్నారు. కిడ్నీ జబ్బు ఆ వైపు ఇంటింటా ఉంది. రోజు విడిచి రోజు వచ్చి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవాలి. ఒక చెయ్యి సూదులతో మిషనుకి కట్టుబడి ఉంటుంది. రెండో చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చెయ్యి సిస్టరమ్మని పట్టుకుంది. వెళ్లి చూసి వచ్చిన వారం షాపులో ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని కుడిచేత్తోనే ఆడి చూశారు. మర్నాడు కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో ఆడారు. ఆ గురువారం రూల్సు కార్డులో "ఒక చేత్తో ఆడవలెను" అని ఒక లైను మారింది.

ఇరవై సెట్లు చెయ్యాలనుకున్నారు. వడ్రంగి పాచికలు కోసిచ్చాడు. ఒక్కో సెట్టుకి రెండువందల యాభై రెండు చుక్కలు కాల్చాలి. మధ్యాహ్నాలు మా ఇంటి వరండాలో సిస్టరమ్మా మా ఆవిడా కూర్చుని కాల్చేవారు. పాప చాప మీద బోర్లాపడి చూసేది. ఇల్లంతా కాలిన టేకు వాసన. ఆ నెలలు తలుచుకుంటే మా ఇంట్లో అంత నిండుగా ఎప్పుడూ లేదనిపిస్తుంది. సిస్టరమ్మ పాటలు పాడేవారు కాదు, కథలు చెప్పేవారు కాదు. సూది కాల్చడం, పెట్టడం, ఊదడం. మధ్యలో ఎప్పుడో ఒకసారి, ఈ మూడు వంకరొచ్చిందే, అనేవారు. అంతే. అయినా సాయంత్రం వెళ్లిపోతుంటే మా ఆవిడ వీధి మలుపుదాకా సాగనంపేది.

సెట్లు పట్టుకుని ఆవిడతో నేనూ వెళ్లాను. పలాసదాకా రైల్లో, అక్కడినుంచి ఆటోలో. పెద్ద గది, ఎనిమిది మంచాలు. ఆవిడ మంచం మంచానికీ వెళ్లి ఆట చూపించారు. కొందరు కళ్లు మూసుకునే తల అడ్డంగా ఊపారు. ఒకావిడ పాచికలు చూసి తనకి జీడిపిక్కలు ఒలిచే పని గుర్తొచ్చిందని నవ్వి పక్కన పెట్టేసింది. సిస్టరమ్మ ఎవరినీ బలవంతపెట్టలేదు. కిటికీ పక్క మంచం మీద నడివయసు కొబ్బరిరైతు ఒకాయన ఉన్నాడు. ఇక్కడికి రావడమంటేనే ఆయనకి వెగటని, ప్రతిసారీ ఇంట్లో గొడవపడి గాని రాడని అక్కడి నర్సు మెల్లిగా చెప్పింది. ఆయన ఖాళీ చేత్తో గ్లాసు అందుకున్నాడు.

రెండు ఆటలు వెంటనే కూలాయి. మూడో ఆట సాగింది. కిటికీ అరుగు మీదే కట్టుకుంటూ పోయాడు. ఐదు, ఆరు, ఏడు. పక్క మంచాలవాళ్లు తలలు తిప్పారు. ఎనిమిదోది పెట్టి ఊపిరి వదిలేసరికి మిషను కూత పెట్టింది. ఆయన టైము అయిపోయింది. నర్సు వచ్చి సూదులు తీసి, దూది అదిమిపెట్టి, తర్వాతివాళ్లు ఎదురుచూస్తున్నారు లెమ్మంది. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఎల్లుండి మల్లీ వస్తాను గదా. దాన్ని కదపకండి."

రేపు ఊడ్చేవాళ్లు తీసేస్తారేమోనని నర్సు ఏదో అనబోయింది. సిస్టరమ్మ చెయ్యెత్తి ఆపి, తనే వెళ్లి ఊడ్చే ఆవిణ్ని పిలుచుకొచ్చి, ఆ అరుగు చూపించి ఒప్పించారు. కాగితం మీద ఆట నడుస్తోందని రాసి అరుగు అంచుకి అంటించారు.

తిరుగు రైల్లో ఆవిడ కిటికీ పక్కన కూర్చున్నారు. పూండి స్టేషను దాటాక చెప్పారు, గెలవడం ఎలాగో చూశాను, ఓడిపోవడం ఎలాగో చూశాను, ఆపి వెళ్లి మళ్లీ రావడం నాకు తట్టనేలేదని. ఆమదాలవలసలో దిగి ఇంటికి వెళ్లలేదు. నాతో సరాసరి షాపుకి వచ్చి, కార్డు తెరవమని, తొమ్మిదో రూలు చెప్పి రాయించారు. ఎప్పటిలా వారం రోజులు ఆడి చూసి రాలేదు; మాటలు తగ్గించే పని పడలేదు. ఒక్క లైనులో పట్టింది.

"మధ్యలో లేవవలసి వస్తే లేవవచ్చు, ఆట అలాగే ఉంటుంది."

ప్రూఫు వేలు పెట్టి పైకి చదివారు. ఆ తర్వాత ఆ కార్డులో ఆవిడ మరేమీ దిద్దలేదు.